నీళ్లలో ఆవాలు చిటపటలాడిన శబ్దం: హేవ్‌లాక్‌లో నేను చూసినవేంటో చెప్పగలరా?

తొలిమునక
మే 19, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది నిజామాబాద్. సముద్రాన్ని ఒడ్డున నిలబడి చూడటమే గానీ మోకాళ్ల లోతు దాటి ఎప్పుడూ దిగలేదు. పోయిన వారం అండమాన్ వెళ్లాం. హేవ్‌లాక్‌లో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు) నీమో రీఫ్ అనే చోట మొదటిసారి స్కూబా డైవింగ్ చేశాను. నాకు ఈత రాదు. ఇన్‌స్ట్రక్టర్ మొత్తం సేపు నా వెనకే సిలిండర్ పట్టుకుని ఉన్నాడు. లోతు 7 మీటర్లట. అరగంట కూడా లేదు. పైకొచ్చాక మాత్రం చాలాసేపు ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు.

ఇంటికొచ్చాక కళ్లు మూసుకుంటే అవే కనిపిస్తున్నాయి. వాటి పేర్లే తెలియవు. ఇన్‌స్ట్రక్టర్‌ని అడుగుదామంటే ఆయన అప్పటికే తర్వాతి బ్యాచ్‌తో వెళ్లిపోయారు.

మొదటిది శబ్దం. తల నీళ్లలో మునగగానే తాలింపులో ఆవాలు వేసినట్టు చుట్టూ ఒకటే చిటపట. నా సిలిండర్ లీకవుతోందేమోనని గుండె ఆగినంత పనైంది. చివరి దాకా ఆ శబ్దం ఆగనే లేదు.

రెండోది పాము. నలుపు, బూడిద నీలం పట్టీలతో మా పొలాల్లో కనిపించే కట్లపాములా ఉంది. నా పక్క నుంచే తాపీగా పైకి వెళ్లి, మళ్లీ కిందికి వచ్చింది.

మూడోది ఒక చిన్న చేప. వేలంత పొడవు, నీలం ఒళ్లు, మధ్యలో నల్ల గీత. అది తనకంటే ఇరవై రెట్లు పెద్ద చేప నోట్లోకి వెళ్లి బయటికొచ్చింది. ఆ పెద్ద చేప నోరు తెరుచుకుని కదలకుండా నిలబడి ఉంది.

ఇంకొకటి ఇసుకలో ఒక కన్నం. దాని గుమ్మంలో ఒక చేప కూర్చుని ఉంటే లోపలి నుంచి ఒక రొయ్య బుల్డోజర్‌లా ఇసుక తోసుకొచ్చి బయట పోసి వెళ్తోంది. ఇది నిజంగా చూశానా, నా ఊహా అని నాకే అనుమానంగా ఉంది.

నా చేతికి కట్టుకున్న ఎర్ర దారం కింద నల్లగా కనిపించింది. పైకొస్తే మళ్లీ ఎర్రగానే ఉంది.

అన్నిటికంటే అందంగా అనిపించింది ఒక పగడపు గుబురు. మిగతావన్నీ గోధుమ రంగులో ఉంటే అది మాత్రం మంచులా తెల్లగా మెరుస్తోంది. పక్కనే గుమ్మడికాయంత గుండ్రటిది, అదీ తెలుపే. ఫొటో నా ఫోన్‌లో వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాను.

తెలిసినవాళ్లు ఎంత చిన్న సంగతైనా రాయండి, అన్నీ చదువుతాను.

జంగ్లీఘాట్_కుర్రోడు
మే 19, రాత్రి 10:40

అక్కా, స్వాగతం. మాది పోర్ట్‌బ్లెయిర్, జంగ్లీఘాట్. మా తాత శ్రీకాకుళం నుంచి చేపల వేటకొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా వీధిలో సగం మంది తెలుగోళ్లమే. నేను తొమ్మిదేళ్లుగా హేవ్‌లాక్‌లో డైవ్ గైడ్‌గా పనిచేస్తున్నాను.

మీరు చూసిన రొయ్య ఊహ కాదు, నిజమే. దాన్ని పిస్టల్ రొయ్య అంటారు. గుమ్మంలో ఉన్నది గోబీ చేప. ఆ రొయ్యకు చూపు అంతంతమాత్రం, ఇల్లు తవ్వడంలో మాత్రం దిట్ట. గోబీకి చూపు బాగుంటుంది, తవ్వడం చేతకాదు. అందుకని ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. ఈసారి చూసినప్పుడు రొయ్య మీసం గమనించండి. బయటికొచ్చినప్పుడల్లా ఒక మీసం గోబీ తోక మీద ఆనించే ఉంచుతుంది. ఏదైనా ప్రమాదం వస్తే గోబీ తోక చిన్నగా ఆడిస్తుంది, రొయ్య వెంటనే లోపలికి పోతుంది. ఇంకా దగ్గరికి వెళ్తే గోబీ కూడా తల ముందుగా కన్నంలోకి దూకేస్తుంది. మళ్లీ బయటికి రావాలంటే మీరు ఐదు నిమిషాలు ఊపిరి కూడా నెమ్మదిగా తీస్తూ కదలకుండా ఉండాలి.

పాము సీ క్రైట్. చూడటానికే కాదు, చుట్టరికంలోనూ కట్లపాముకి దగ్గరిదే, విషం చాలా ఎక్కువ. కానీ ఇన్నేళ్లలో అది డైవర్ జోలికి రావడం నేను ఒక్కసారీ చూడలేదు. పైకి వెళ్లింది గాలి పీల్చుకోవడానికి. తోక చూశారా, తెడ్డులా చదునుగా ఉంటుంది. మింగింది అరిగించుకోవడానికి, గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తుంది. రాళ్ల సందుల్లో పడుకుంటుంది. కాబట్టి నీళ్లలో కంటే సాయంత్రం పూట రాళ్ల మీద చెప్పుల్లేకుండా నడిచేటప్పుడే జాగ్రత్తగా ఉండాలి.

సాగరి
మే 20, ఉదయం 6:55

తొలిమునక గారూ, మీ పోస్టు చదివి చాలా సంతోషించాను. మొదటి డైవ్‌లో ఇంత గమనించినవాళ్లు తక్కువ. నేను సముద్ర జీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, ఎక్కువగా లక్షద్వీప్‌లో పని.

మీ ఆవాల చిటపట కూడా ఆ పిస్టల్ రొయ్యల కుటుంబానిదే. రీఫ్ (పగడపు దిబ్బ) రాళ్ల సందుల్లో కొన్ని వేలు దాక్కుని ఉంటాయి. ఒక్కో రొయ్యకు ఒక పంజా చాలా పెద్దగా ఉంటుంది. దాన్ని ఎంత వేగంగా మూస్తుందంటే, నీళ్లు ఒక ధారలా దూసుకుపోయి వెనక ఒక బుడగ పుడుతుంది. ఆ బుడగ వెంటనే కూలిపోతుంది. మనకు వినిపించేది పంజా మూసుకున్న చప్పుడు కాదు, ఆ బుడగ కూలిన చప్పుడు. కూలే ఆ లిప్తపాటు లోపల వేడి 5,000 డిగ్రీలకు దగ్గరగా పోతుందని 2001లో కనిపెట్టారు. ఆ దెబ్బకే దగ్గర్లోని చిన్న పీతలు, చేపలు సొమ్మసిల్లుతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల జాడ వినేవాళ్లకు ఈ గోల పెద్ద అడ్డంకి అయింది.

నోట్లోకి వెళ్లి వచ్చింది క్లీనర్ రాస్. రీఫ్‌లో దానికి ఒక అడ్డా ఉంటుంది. పెద్ద చేపలు అక్కడికొచ్చి వంతు కోసం నిలబడతాయి, నోరు, మొప్పలు తెరుస్తాయి. అది లోపలికి వెళ్లి పరాన్నజీవులను, చచ్చిన చర్మాన్ని తిని శుభ్రం చేస్తుంది. నిజానికి దానికి చేప ఒంటి మీది జిగురంటే ఎక్కువ ఇష్టం. అప్పుడప్పుడు ఆశ ఆపుకోలేక కొరుకుతుంది. అప్పుడు పెద్ద చేప ఒక్కసారి ఉలిక్కిపడుతుంది, ఒక్కోసారి తరుముతుంది కూడా. అచ్చం దానిలాగే రంగు వేసుకుని తిరిగే ఇంకో చేప ఉంది, బ్లెన్నీ జాతిది. శుభ్రం చేస్తానన్నట్టు దగ్గరికొచ్చి రెక్క ముక్క కొరుక్కుపోతుంది. తేడా నోటి దగ్గర తెలుస్తుంది: అసలుదానికి నోరు ముక్కు చివర ఉంటుంది, నకిలీదానికి కొంచెం కిందికి ఉంటుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2019లో జపాన్ శాస్త్రవేత్తలు ఈ క్లీనర్ రాస్ గొంతు కింద గోధుమ రంగు చుక్క పెట్టి అద్దం ముందు ఉంచితే, అది అద్దంలో చూసుకుని ఆ చుక్కను నేలకేసి రుద్దుకుంది. అద్దంలో ఉన్నది తానేనని దానికి తెలుసా అనే చర్చ ఇంకా నడుస్తోంది. వేలంత చేప ఇంత పెద్ద చర్చ లేవదీసింది.

మీ తెల్ల పగడం గురించి తీరిగ్గా రాయాలి. సాయంత్రం రాస్తాను.

భీమిలి_అలలు
మే 20, ఉదయం 9:30

ఎర్ర దారం సంగతి నేను చెప్తాను. నీళ్లు ముందుగా మింగేసేది ఎరుపునే. ఐదు మీటర్లు దిగేసరికి ఎరుపు మసకబారడం మొదలవుతుంది, ఆ తర్వాత నారింజ, పసుపు. చివరికి మిగిలేది నీలం. ఒకసారి 20 మీటర్ల దగ్గర నా వేలు రాయికి గీసుకుని రక్తం కారితే ఆకుపచ్చగా కనిపించింది. కంగారుపడ్డాను గానీ గైడ్ టార్చ్ వేయగానే ఎర్రగా మారింది. అందుకే చిన్న టార్చ్ తీసుకెళ్లండి, పగలైనా సరే. గోడ మీద నల్లటి మచ్చలా ఉన్నది లైటు పడగానే రక్తం రంగు స్పాంజ్ (రాళ్లకు అంటుకుని ఉండే సముద్ర జీవి) అవుతుంది. విసనకర్రల్లా ఉండే సీ ఫ్యాన్ పగడాలు, మెత్తటి పగడాలు, ఎవరూ పట్టించుకోని మూలలన్నీ రంగులమయం.

మాకు రుషికొండ, భీమిలి వైపు రాతి దిబ్బల మీద డైవింగ్ ఉంది. అండమాన్ లాంటి పగడపు దిబ్బలు కావవి. నీళ్లు తేటగా ఉన్న రోజు మాత్రం మా సముద్రం కూడా ఎంతో చూపిస్తుంది. మన తీరంలో పెద్ద పగడపు దిబ్బ లేకపోవడానికి కారణం గోదావరి, కృష్ణ లాంటి నదులే అని చదివాను. సాగరి గారు సరిచేయాలి.

సాగరి
మే 20, ఉదయం 9:52

సరిగ్గానే చదివారు. పగడానికి తేట నీళ్లు, ఎండ, తగినంత ఉప్పు కావాలి. నదులు మంచినీళ్లూ ఒండ్రూ తెచ్చి పోసే చోట అది దిబ్బలుగా ఎదగలేదు. మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలు అండమాన్ నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖల్లోనే. రాళ్ల మీద అక్కడక్కడా పగడాలు మీ దగ్గరా ఉంటాయి, దిబ్బలు మాత్రం ఉండవు.

మస్కట్_మావయ్య
మే 20, మధ్యాహ్నం 1:15

చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది. నేను పద్నాలుగేళ్లుగా ఒమన్‌లో ఉంటున్నాను. సెలవు దొరికితే దైమానియత్ దీవులకు వెళ్తాను. 1996 నుంచి రక్షిత ప్రాంతం. అక్కడ తాబేళ్లు మన ఊళ్లో కోళ్లలా తిరుగుతుంటాయి. పచ్చ తాబేలు గడ్డి, నాచు తింటుంది. హాక్స్‌బిల్ తాబేలు ముక్కు గద్ద ముక్కులా ఉంటుంది, దానితో రాళ్ల సందుల్లోని స్పాంజ్‌లను చీల్చుకు తింటుంది. అది తినేటప్పుడు పక్కన కూర్చుంటే మనల్ని పట్టించుకోదు. ఒకసారి పావుగంట చూశాను. చుట్టూ నాలుగు ఏంజెల్ చేపలు కాచుకుని ఉన్నాయి, అది చీల్చి వదిలిన తునకల కోసం.

ఆగస్టు, సెప్టెంబరుల్లో వేల్ షార్క్‌లు వస్తాయి. చేపలన్నిటిలో పెద్దది, తినేది మాత్రం ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే నలుసంత జీవులు. మొదటిసారి చూసినప్పుడు ముందు నాకు కనిపించింది చేప కాదు, తెల్ల చుక్కల గోడ ఒకటి కదులుతూ రావడం. ఆ చుక్కలు ఒక్కోదానికి ఒక్కో రకంగా ఉంటాయి, మన వేలిముద్రల్లా. డైవర్లు తీసిన ఫొటోలను పోల్చి ఏది ఏదో గుర్తుపడతారు. దానికి వాడే లెక్క మొదట ఆకాశంలో నక్షత్రాలను పోల్చడానికి తయారైంది. నేను పంపిన ఫొటోలోని చేప అంతకుముందే ఇంకెవరికో కనిపించిందని జవాబు వచ్చిన రోజు మా ఆవిడకు పది సార్లు చెప్పాను.

భీమిలి తమ్ముడూ, మన విశాఖ దగ్గర తంతడి తీరంలో 2021 డిసెంబరులో వలలో పడ్డ వేల్ షార్క్‌ను మత్స్యకారులూ అటవీశాఖవాళ్లూ కలిసి మళ్లీ సముద్రంలోకి పంపారు. ఆ వార్త నేను దాచుకున్నాను.

చెవిముక్కుగొంతు
మే 20, మధ్యాహ్నం 3:05

వృత్తిరీత్యా ఈఎన్‌టీ డాక్టర్‌ని, సరదాకి డైవర్‌ని. కొత్తవాళ్లు చదువుతున్నారు కాబట్టి నాలుగు మాటలు.

10 మీటర్లు దిగేసరికి ఒంటి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. చెవి నొప్పి పుట్టాక ఈక్వలైజ్ చేయడం (చెవి లోపలి ఒత్తిడిని బయటి ఒత్తిడితో సమం చేయడం) కాదు, పుట్టకముందే, మీటరుకోసారి ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదాలి. జలుబు ఉంటే ఆ రోజు డైవ్ మానేయండి, డబ్బు పోయినా సరే. ఊపిరి ఎప్పుడూ బిగపట్టకండి. రోజుకు ఒకటి కంటే ఎక్కువ డైవ్‌లు చేస్తే విమానం ఎక్కే ముందు కనీసం 18 గంటలు ఆగాలి. హేవ్‌లాక్ నుంచి పడవలో వచ్చి అదే మధ్యాహ్నం ఫ్లైట్ పట్టుకునే ప్లాన్ వేసుకుంటారు చాలామంది, అది వద్దు.

లయన్ ఫిష్, స్టోన్ ఫిష్‌ల విషపు ముళ్లు గుచ్చుకుంటే: చర్మం కాలకుండా, భరించగలిగినంత వేడి నీళ్లలో (సుమారు 45 డిగ్రీలు) ఆ భాగాన్ని 30 నుంచి 90 నిమిషాలు ముంచి ఉంచాలి. మొద్దుబారిన చోట వేడి తెలియదు కాబట్టి ముందు ఇంకో చేత్తో చూసుకోండి. నొప్పి బాగా తగ్గుతుంది. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

జంగ్లీఘాట్_కుర్రోడు
మే 20, సాయంత్రం 5:20

డాక్టర్ గారు చెప్పిన స్టోన్ ఫిష్ నేను చూపిస్తే తప్ప ఎవరికీ కనబడదు. చూపించినా సగం మంది "ఏదీ, రాయే కదా" అని చేత్తో సైగ చేస్తారు. అందుకే నా మొదటి మాట: నీళ్లలో దేన్నీ ముట్టుకోవద్దు, దేని మీదా నిలబడొద్దు.

నేను నిజంగా జాగ్రత్తపడేది పాముతోనూ కాదు, సొరతోనూ కాదు. టైటన్ ట్రిగ్గర్ ఫిష్‌తో. ఇసుకలో గుంట తవ్వి గుడ్లు పెట్టాక దాని దగ్గరికి ఎవరినీ రానివ్వదు. దాని హద్దు కింద సన్నగా మొదలై పైకి వెళ్లేకొద్దీ గరాటులా వెడల్పవుతుంది. కాబట్టి భయపడి పైకి పారిపోతే ఇంకా దాని హద్దులోనే ఉన్నట్టు. పక్కకు, వెనక్కి, ఫిన్స్ (కాళ్లకు తొడిగే తెడ్లు) దాని వైపు పెట్టి పోవాలి. నా ఫిన్‌కి దాని పళ్ల గాటు ఇప్పటికీ ఉంది.

ముట్టుకోవడం అంటే గుర్తొచ్చింది. పోయిన నెల ఒక గైడ్ (పేరు, షాపు చెప్పను) ముళ్ల పఫర్ చేపను పట్టుకుని ఉబ్బేలా చేసి, కస్టమర్ల చేతుల్లో పెట్టి ఫొటోలు తీశాడు. ఆ ఉబ్బడం ప్రాణభయంతో చేసే ఆఖరి ప్రయత్నం. వదిలాక చాలాసేపు సరిగ్గా ఈదలేక నేల దగ్గరే ఊగుతూ ఉండిపోయింది. పడవెక్కాక నేను అడిగాను. "కస్టమర్లు అడుగుతారు కదా" అన్నాడు. అక్కలూ అన్నలూ, మీరు అడక్కండి. మీరు వద్దంటే మేం మానేస్తాం.

ఊరగాయ_ప్రియుడు
మే 20, సాయంత్రం 6:02

బీచ్‌లో పడి ఉన్న చచ్చిన పగడం ముక్క ఇంటికి తెచ్చుకోవచ్చా? మా పాప అడుగుతోంది.

జంగ్లీఘాట్_కుర్రోడు
మే 20, సాయంత్రం 6:10

తేవొద్దండి. పగడాలకు వన్యప్రాణి రక్షణ చట్టం కింద రక్షణ ఉంది, చచ్చినవైనా అంతే. ఎయిర్‌పోర్టులో బ్యాగు తెరిపించి తీసేసుకుంటారు. ఖాళీ గవ్వల్లో సన్యాసి పీతలు కాపురం ఉంటాయని పాపకు చెప్పండి. మా బీచ్‌ల్లో గవ్వ దొరక్క ప్లాస్టిక్ మూతలు మోసుకు తిరిగే పీతల్ని నేను చూశాను.

సాగరి
మే 20, రాత్రి 8:45

తొలిమునక గారూ, తెల్ల పగడం గురించి. ఇది చెప్పడం నాకు కష్టంగానే ఉంది.

పగడం రాయి కాదు, మొక్క కాదు, జంతువు. ఒక్కో గుబురులో వేల కొద్దీ చిన్న చిన్న జీవులుంటాయి, పాలిప్‌లంటాం. ఒక్కోదానికి నోరు, చుట్టూ మీసాలు. పగలు ముడుచుకుని ఉంటాయి, రాత్రి మీసాలు చాచి ఆహారం పట్టుకుంటాయి. కానీ వాటి తిండిలో 90 శాతం దాకా వచ్చేది ఒంట్లో కాపురముండే నాచు నుంచి. కంటికి కనిపించనంత సన్నటి నాచు అది. ఎండలో వంట వండి పగడానికి పెడుతుంది, పగడం దానికి ఇల్లు ఇస్తుంది. మీరు చూసిన గోధుమ, ఆకుపచ్చ రంగులు చాలావరకు ఆ నాచువే.

వేసవిలో నీళ్లు ఆ చోట మామూలుగా ఉండే గరిష్ఠ వేడి కంటే ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే ఆ కాపురం చెడుతుంది. పగడం నాచును బయటికి నెట్టేస్తుంది. అప్పుడు మాంసం గాజులా పారదర్శకమై, లోపలి సున్నపు ఎముక కనిపిస్తుంది. అదే మీరు చూసిన మంచు తెలుపు. దాన్ని బ్లీచింగ్ అంటాం.

అది ఇంకా చనిపోలేదు. ఆకలితో ఉంది. నీళ్లు త్వరగా చల్లబడితే నాచు తిరిగి చేరుతుంది, కొన్ని వారాల్లో, నెలల్లో రంగు వస్తుంది. లేకపోతే పచ్చటి బొచ్చులాంటి పాచి పట్టేస్తుంది, అదే ముగింపు. కొమ్మల పగడాలు త్వరగా పెరుగుతాయి, ఏడాదికి 10 సెంటీమీటర్లు కూడా, కానీ త్వరగా చస్తాయి. గుండ్రటి దిమ్మలు ఏడాదికి సెంటీమీటరే పెరుగుతాయి, మొండివి. మీరు చూసిన గుమ్మడికాయంత దిమ్మ ఇరవై ఏళ్ల వయసుదైనా అయి ఉండాలి.

1998, 2010, 2016ల్లో ఇది పెద్ద ఎత్తున జరిగింది. ప్రపంచమంతటా నాలుగోసారి మొదలైందని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. ఆ వేసవి నేను లక్షద్వీప్‌లోనే ఉన్నాను. అగట్టి, కడమత్, కవరత్తి రీఫ్‌లలో 1998 నుంచి 2022 దాకా లెక్కలు తీస్తే బతికున్న పగడం దాదాపు సగానికి పడిపోయింది. ప్రతి దెబ్బ తర్వాత కొంత కోలుకుంటుంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య సమయమే చాలడం లేదు. సముద్రపు నేలలో పగడపు దిబ్బలున్నది ఒక్క శాతం కంటే తక్కువ. సముద్ర జాతుల్లో దాదాపు పావు వంతుకు ఎప్పుడో ఒకప్పుడు వాటితోనే పని. మీ గోబీ, మీ క్లీనర్ రాస్ అన్నీ ఆ ఇంట్లోవే.

మీ వాల్‌పేపర్ తీసేయమని నేను అనను. అది ఏంటో తెలిసి ఉంచుకోండి.

తొలిమునక
మే 20, రాత్రి 11:30

సాగరి గారూ, రెండుసార్లు చదివాను. వాల్‌పేపర్ తీసేయలేదు, అలాగే ఉంచాను. ఆ రెండు తెల్ల పగడాలకూ ఏమైందో ఎవరైనా చూసి చెప్పగలరా? కుర్రోడూ, నువ్వు అక్కడే ఉంటావు కదా. మూరింగ్ తాడు (పడవ కట్టేసే తాడు) నుంచి ఒడ్డు వైపు, రెండు పెద్ద రాళ్ల మధ్య.

జంగ్లీఘాట్_కుర్రోడు
మే 21, ఉదయం 5:50

ఆ రాళ్లు తెలుసక్కా. వానలు మొదలవుతున్నాయి, నీళ్లు మడ్డిగా ఉంటాయి. కుదిరినప్పుడు చూసి రాస్తాను. 2010 వేసవిలో నేను బడిలో చదువుతున్నా. మా నాన్న వేట నుంచి వచ్చి "కింద అంతా సున్నం కొట్టినట్టుంది" అన్నాడు. అప్పుడు ఆయనకు కారణం తెలియదు, నాకూ తెలియదు.

మస్కట్_మావయ్య
మే 21, మధ్యాహ్నం 12:40

కుర్రోడా, మీ నాన్నగారి మాట చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

జంగ్లీఘాట్_కుర్రోడు
ఆగస్టు 9, రాత్రి 8:15

అక్కా, నిన్న నీళ్లు కాస్త తేటపడితే వెళ్లాను. కొమ్మల గుబురు పోయింది, పాచి పట్టేసింది. గుండ్రటిది పై భాగం ఇంకా పాలిపోయి ఉంది, కింద నీడ పడే వైపు గోధుమ రంగు వస్తోంది. నీళ్లు సరిగ్గా లేవు, ఫొటో రాలేదు.

తొలిమునక
ఫిబ్రవరి 3, రాత్రి 10:05

ఎనిమిది నెలలు దాటాక వస్తున్నాను. ఈ మధ్యలో ఈత నేర్చుకున్నాను, రోజూ పొద్దున్నే ఐదున్నరకు పూల్‌కి వెళ్లి. పోయిన వారం మళ్లీ హేవ్‌లాక్ వెళ్లి ఓపెన్ వాటర్ కోర్సు (డైవింగ్‌లో తొలి సర్టిఫికెట్ కోర్సు) నాలుగు రోజుల్లో పూర్తి చేశాను. ఇప్పుడు 18 మీటర్ల దాకా వెళ్లొచ్చు. కానీ కోర్సు అయ్యాక మొదటి డైవ్‌కి 7 మీటర్లకే తీసుకెళ్లమని కుర్రోణ్ని అడిగాను. మిగతావాళ్లంతా లోతుకు వెళ్తే మేమిద్దరం ఆ రెండు రాళ్ల మధ్య యాభై నిమిషాలు ఉన్నాం. మొదటి ఐదు నిమిషాలు ఏమీ లేనట్టే అనిపించింది. కదలకుండా ఉండేసరికి ఒక్కొక్కటీ బయటికొచ్చాయి.

గుండ్రటి దిమ్మ బతికే ఉంది. చుట్టూ గోధుమ రంగు వచ్చేసింది. పైన మాత్రం నా అరచేయి వెడల్పున తెల్ల మచ్చ, దాని మీద పాచి. మాస్క్ దాదాపు ఆనేంత దగ్గరికి వెళ్లి చూశాను, ముట్టుకోకుండా. గోధుమ రంగు అంచు దగ్గర ఆవగింజల కంటే చిన్న గుంటలు వరుసగా ఉన్నాయి, ఒక్కో గుంటలో ఒక్కో పాలిప్. ఆ అంచు మచ్చలోకి కొంచెం కొంచెంగా పాకుతున్నట్టుంది.

కొమ్మల గుబురు కుర్రోడు రాసినట్టే పాచి కింద ఉంది. కొమ్మలు ఇంకా విరగలేదు. చిలక చేపలు మూడు వచ్చి ఆ పాచిని గీకుతున్నాయి. కరకరమని శబ్దం నాకు స్పష్టంగా వినిపించింది. గీకి, అక్కడే తోక వెనక నుంచి తెల్ల ఇసుక ధారగా వదిలాయి. చనిపోయిన కొమ్మల మధ్య చిన్న చిన్న డామ్సెల్ చేపలు ఇంకా దూరి తిరుగుతున్నాయి.

పక్కన అనిమోన్‌లో (పువ్వులా కనిపించే సముద్ర జీవి) నారింజ చేపలు నాలుగున్నాయి. పెద్దది నా మాస్క్ మీదికి వచ్చింది. పెద్దది ఎప్పుడూ ఆడదేనా?

సాగరి
ఫిబ్రవరి 3, రాత్రి 10:48

అవును, గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడది. రెండోది దాని మగడు. మిగతావన్నీ ఇంకా పిల్లల తండ్రులు కాని మగవి, వంతు కోసం చూస్తూ ఉంటాయి. ఆడది చనిపోతే మగడే ఆడదిగా మారుతుంది, మూడోది మగడి స్థానంలోకి వస్తుంది. గుడ్ల మీదికి రెక్కలతో నీళ్లు విసిరి కాపలా కాసేది ఎక్కువగా తండ్రే. మీ మీదికి వచ్చిందంటే అనిమోన్ కింద రాతి మీద గుడ్లు ఉండి ఉంటాయి.

ఆ చిలక చేపల గురించి రాసినందుకు చాలా సంతోషం. అవి పాచిని గీకి ఖాళీ చేస్తేనే కొత్త పగడం పిల్లలు అంటుకోవడానికి శుభ్రమైన రాయి దొరుకుతుంది. చిలక చేపల్లో పెద్దది, నుదుటి మీద బొడిపె ఉండేది, ఏడాదికి 5 టన్నులకు పైగా పగడపు రాయి నములుతుందని లెక్కగట్టారు. తెల్ల ఇసుక బీచ్‌లలో చాలా ఇసుక అలా వచ్చిందే. మీరు చూసిన అంచుకు ఫొటో ఉందా? ఉంటే తేదీ, లోతు రాసి పెట్టండి. వచ్చే ఏడాది అదే కోణంలో మళ్లీ తీయండి.

భీమిలి_అలలు
ఫిబ్రవరి 4, ఉదయం 8:20

చిటపట ఉందా ఇంకా?

తొలిమునక
ఫిబ్రవరి 4, ఉదయం 8:41

ఉంది. ఈసారి దాని కోసమే ఊపిరి బుడగలు ఆగినప్పుడల్లా చెవి పెట్టి విన్నాను.

సాగరి
ఫిబ్రవరి 4, ఉదయం 9:15

అది చాలా మంచి వార్త. పాడైన రీఫ్‌లు నిశ్శబ్దమైపోతాయి. నీళ్లలో కొట్టుకుపోయే చేపపిల్లలు ఇల్లు వెతుక్కునేటప్పుడు ఆ శబ్దం పట్టుకునే వస్తాయి. ఆస్ట్రేలియాలో చనిపోయిన పగడాల దగ్గర స్పీకర్లు పెట్టి ఆరోగ్యంగా ఉన్న రీఫ్ శబ్దం వినిపిస్తే, శబ్దం లేని చోట్ల కంటే రెట్టింపు చేపలు వచ్చి చేరాయి. 2019లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

తొలిమునక
ఫిబ్రవరి 4, రాత్రి 9:30

ఫొటో పెట్టాను, తేదీ, లోతు రాశాను. ఇంకొకటి అడగాలి. ఆ చచ్చిన కొమ్మల కింద బొటనవేలంత చేప ఒకటి చూశాం. గోధుమ రంగు, మీద నల్ల అంచున్న పెద్ద తెల్ల చుక్కలు. ఒక్క క్షణం నిలకడగా ఉండదు. ఒళ్లంతా ఊపుతూ, రిబ్బన్ గాలిలో ఆడినట్టు, ఒకే చోట వంకరలు తిరుగుతూ ఉంది. కుర్రోడు ఏదో పేరు నీళ్లలో రాసే పలక మీద రాశాడు గానీ నాకు అర్థం కాలేదు.

జంగ్లీఘాట్_కుర్రోడు
ఫిబ్రవరి 4, రాత్రి 10:02

నా రాత అంతేనక్కా. అది హార్లెక్విన్ స్వీట్‌లిప్స్ పిల్ల. తింటే చేదుగా, విషంగా ఉండే సముద్రపు చదును పురుగులు అలాగే ఊగుతూ ఈదుతాయి. వాటిలా కనిపిస్తే పెద్ద చేపలు వదిలేస్తాయని అలా ఊగుతుందంటారు. పెద్దయ్యాక రంగు తిరగబడుతుంది, తెల్ల ఒంటి మీద నల్ల చుక్కలు వస్తాయి. ఊగడం మానేసి రాయి కింద నీడలో పగలంతా కదలకుండా నిలబడుతుంది. మీరు వెళ్లాక నిన్న పొద్దున మళ్లీ చూశాను. ఆ కొమ్మల కిందే ఉంది.